ఆరు స్టడ్‌ల నల్ల బూటు: అడిడాస్ వరల్డ్ కప్, బురద నేలలో డిఫెండర్‌కి ఏ మేరకు పనికొస్తుంది

ముందే చెప్పేస్తే డబ్బులు మిగులుతాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గంటకింత అని అద్దెకు తీసుకునే టర్ఫ్ మీద ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు ఈ బూటు కొనకండి. కొని తీసుకెళ్తే టర్ఫ్ వాళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారు. వాళ్ళు ఆపకపోతే మీ మోకాలే ఆపుతుంది. ఈ బూటుకి పైన గడ్డి, గడ్డి కింద మట్టి, మట్టిలో నీళ్ళు కావాలి. ఈ మూడూ వారం వారం దొరికే చోటు ఇంగ్లండ్, అదీ నవంబర్ నుంచి మార్చి వరకు. అక్కడ చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఆదివారం లీగుల్లో వెనక వరసలో ఆడుతున్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం.

బూటుని కొలవాలంటే దాన్ని నిజంగా అరగదీసేవాడి అవసరాలతో కొలవాలి. ప్రీమియర్ లీగ్ ఆటగాడికి 38 లీగ్ మ్యాచ్‌లు, బల్లలా చదునైన పిచ్, ఎన్ని జతలు కావాలంటే అన్ని పంపే కంపెనీ ఉంటాయి. లీగ్ వన్, లీగ్ టూ, అంటే ఇంగ్లండ్‌లో మూడో, నాలుగో అంచెల్లో ఆడే డిఫెండర్ సంగతి వేరు. ఒక్కో లీగ్‌లో 24 జట్లు, 46 లీగ్ మ్యాచ్‌లు, వాటి పైన ఎఫ్‌ఎ కప్, లీగ్ కప్, ఇఎఫ్‌ఎల్ ట్రోఫీ. శనివారం ఆడి మళ్ళీ మంగళవారం రాత్రి ఆడాలి. జనవరికల్లా గోల్ ముందు భాగం దమ్ము చేసిన మడిలా తయారవుతుంది. సెంటర్ బ్యాక్ నిలబడేది సరిగ్గా అక్కడే.

ఆ స్థాయి కెరీర్ అంటే ఏమిటో తెలియాలంటే డీన్ లూయింగ్టన్‌ని చూడాలి. లెఫ్ట్ బ్యాక్. 2003లో వింబుల్డన్ జట్టులోకి వచ్చాడు. ఆ క్లబ్ మిల్టన్ కీన్స్‌కి తరలి 2004లో ఎంకె డాన్స్ అయ్యాక కూడా అక్కడే ఉండిపోయి 2025లో ఆట మానేశాడు. డాన్స్ పేరుతో ఆడిన కాలంలో 2015-16 ఒక్క సీజన్ తప్ప అంతా మూడో, నాలుగో అంచెల్లోనే గడిచింది. స్విండన్ టౌన్‌కి 1960 నుంచి 1980 వరకు ఆడిన జాన్ ట్రోలోప్ పేరిట ఒకే క్లబ్‌కి 770 లీగ్ మ్యాచ్‌ల రికార్డు ఉండేది. దాన్ని లూయింగ్టన్ 2023లో దాటాడు. ట్రోలోప్ కూడా లెఫ్ట్ బ్యాకే. డాన్ బర్న్ లాంటివాళ్ళూ ఉంటారు: 2009లో డార్లింగ్టన్‌లో మొదలుపెట్టి, 2025 మార్చిలో లివర్‌పూల్ మీద లీగ్ కప్ ఫైనల్‌లో తలతో గోల్ కొట్టి, అదే నెలలో 32 ఏళ్ళ వయసులో ఇంగ్లండ్ చొక్కా తొడిగాడు. అది నూటికో కోటికో. మిగతావాళ్ళ కెరీర్ లూయింగ్టన్ దారిలోనే నడుస్తుంది: వచ్చే శనివారం కూడా కాలు బాగుండాలి, పేరు జాబితాలో ఉండాలి.

వీళ్ళు ఏ కంపెనీ బూట్లు తొడిగారన్నది నాకు ముఖ్యం కాదు. ఇరవై ఏళ్ళు ఆ నేల మీద నిలబడేవాడికి బూటు నుంచి కావాల్సినవి మూడే: జారకూడదు, కాలు నొప్పి పెట్టకూడదు, ఫిబ్రవరిలో ఊడిపోకూడదు. అడిడాస్ వరల్డ్ కప్ మొదటిదాంట్లో చాలా గట్టిది, రెండోదాంట్లో నేలని బట్టి, మూడోది సగం మీ చేతిలో ఉంటుంది.

ఈ బూటు కోపా ముండియాల్‌కి అన్నదమ్ముడు. కోపా 1979లో వచ్చింది. 1982లో స్పెయిన్‌లో జరగబోయే ప్రపంచ కప్‌ని దృష్టిలో పెట్టుకుని స్పానిష్ పేరు పెట్టారు. పైభాగం రెండింటికీ దాదాపు ఒకటే: మెత్తటి నల్ల తోలు, మూడు తెల్ల గీతలు, వేళ్ళ మీద అడ్డంగా కుట్లు. తేడా అడుగునే ఉంది. కోపాకి సోల్‌తో పాటు అచ్చు పోసిన 12 చిన్న స్టడ్‌లు ఉంటాయి. అది గట్టి గడ్డి నేలకి, అంటే ఎఫ్‌జి. వరల్డ్ కప్‌కి విప్పి బిగించే ఆరు పెద్ద స్టడ్‌లు: ముందు నాలుగు, మడమ కింద రెండు. అది మెత్తటి నేలకి, అంటే ఎస్‌జి. మన దగ్గర బూటునే స్టడ్స్ అనేస్తారు కాబట్టి గందరగోళం లేకుండా, కింద ఉన్న మేకుని మాత్రమే ఇక్కడ స్టడ్ అంటున్నాను.

మర తిప్పి మార్చుకునే స్టడ్‌ల కథ అందరికీ తెలిసిందే. 1954 ప్రపంచ కప్ ఫైనల్ రోజు బెర్న్‌లో వాన పడుతుంటే పశ్చిమ జర్మనీ జట్టుకి అడిడాస్ స్థాపకుడు ఆడి డాస్లర్ పొడుగు స్టడ్‌లు బిగించాడు, వాళ్ళు హంగరీని 3-2తో ఓడించారు. దానికి రెండేళ్ళ ముందు, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, మన హైదరాబాద్ రహీం సాబ్ శిక్షణలోని భారత జట్టులో ఎక్కువమంది ఆ చలిలో వట్టికాళ్ళతో దిగి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. ఆ తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

సైజు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తోలు సాగుతుంది. కొట్లో తొడిగినప్పుడు హాయిగా ఉన్న జత ఆరో మ్యాచ్‌కి వదులవుతుంది, లోపల కాలు జారుతుంది, బొటనవేలి గోరు నల్లబడుతుంది. మామూలుగా వేసుకునే సైజు కంటే అర సైజు తగ్గించి తీసుకోండి. మ్యాచ్ సాక్స్ వేసుకుని నిలబడినప్పుడు పొడుగాటి వేలు ముందు తోలుని తాకుతూ ఉండాలి కానీ ముడుచుకోకూడదు. పక్కలు బిగుతుగా ఉంటే పరవాలేదు, వెడల్పుకి సాగుతుంది. పొడవుకి మాత్రం సాగదు. వేలు ముడుచుకుంటే ఆ జత మీది కాదు. మన వాళ్ళలో చిన్నప్పటి నుంచి చెప్పులతో తిరిగి పాదం ముందు వెడల్పైనవాళ్ళు ఎక్కువ. వాళ్ళకి అర సైజు తగ్గించడం మొదట భయంగా ఉంటుంది. ముందు భాగం పట్టుకుని వారం ఆగితే తోలు దారికొస్తుంది. మడమ దగ్గర ఖాళీ ఉంటే మాత్రం ఎన్ని వారాలు ఆగినా సరిపడదు.

అలవాటు చేసుకోవడానికి వేడినీళ్ళ బకెట్‌లో కాళ్ళు పెట్టి నిలబడమని చెప్పేవాళ్ళుంటారు. వినకండి. తోలు లొంగుతుంది నిజమే, దానితో పాటు సోల్ అంటించిన జిగురూ లొంగుతుంది. మ్యాచ్ సాక్స్‌తో ఇంట్లో కార్పెట్ మీద రోజుకు ఇరవై నిమిషాలు, స్టడ్‌లు విప్పేసి నడవండి. స్టడ్ గుంటల్లో దుమ్ము పోకుండా అడుగున టేపు వేయండి. నాలుగు రోజుల తర్వాత తడి నేల మీద అరగంట ప్రాక్టీసు. నేరుగా మ్యాచ్‌కి తొడిగితే మడమ వెనక బొబ్బ ఖాయం. ఈ బూటులో మడమ భాగం గట్టిగా ఉంటుంది, దాని అంచు తగిలే చోట మొదటి రెండు సార్లు ప్లాస్టర్ వేసుకుంటే చాలు.

బరువు గురించి అడుగుతారు. ఒక్కో బూటు 300 గ్రాములు దాటుతుంది. ఇప్పుడొచ్చే స్పీడ్ బూట్లలో 200 గ్రాముల లోపువి బోలెడున్నాయి. వింగర్‌కి ఆ తేడా తెలుస్తుంది. సెంటర్ బ్యాక్‌కి ఎనభయ్యో నిమిషంలో తెలిసేది బూటు బరువు కాదు, దానికి అంటుకున్న బురద బరువు. ఆ విషయంలో ఈ బూటుకి మంచి మార్కులు పడవు. అది కింద చెబుతాను.

స్టడ్‌లు: సగం సమీక్ష ఇదే

గోల్‌కీపర్ కొట్టిన పొడుగు బంతి గాల్లో ఉంది. సెంటర్ బ్యాక్ దాన్నే చూస్తూ వెనక్కి నాలుగడుగులు వేస్తాడు, వీపుకి ఎదుటి జట్టు స్ట్రైకర్ ఆనుకుని ఉంటాడు. ఇప్పుడు ఆగాలి, ఆగిన కాలితోనే పైకి లేవాలి. ఆ ఆగడంలో బరువు మొదట మడమ మీద పడి, తర్వాత పాదం ముందుకి జరుగుతుంది. మడమ జారిందా, ఎగరడం అక్కడితో అయిపోయింది. బంతి వెళ్ళి స్ట్రైకర్ నుదుటికి తగులుతుంది. మడమ కింద పొడుగాటి స్టడ్‌లు రెండు పెట్టింది ఇందుకే. అచ్చు పోసిన 12 స్టడ్‌ల బూటు తడి నేలలో పైపైనే దిగుతుంది. మధ్య సందులన్నీ బురదతో నిండాక అది బూటు అడుగు కాదు, నున్నటి పలక.

బయట దొరికే సెట్లలో ఎక్కువగా కనిపించేది జతకి 12 స్టడ్‌లు: 13 మి.మీ.వి ఎనిమిది, 16 మి.మీ.వి నాలుగు. పొట్టివి ముందు, పొడుగువి మడమకి. తడిసి కాలు కొంచెం దిగే నేలకి ఇది సరిపోతుంది. పైన తడి, కింద గట్టిగా ఉంటే మడమకి కూడా 13 వేసేయండి. 18, 21 మి.మీ. స్టడ్‌లు రగ్బీ వాళ్ళవి. స్క్రమ్‌లో తోసుకోవడానికి పనికొస్తాయి. ఫుట్‌బాల్‌లో అవి వేస్తే తిరిగేటప్పుడు పాదం నేలలో ఇరుక్కుని ఒళ్ళు మాత్రం తిరుగుతుంది, ఆ మెలిక మోకాలికి పోతుంది. ఆట నియమాల్లో స్టడ్ పొడవు ఇన్ని మిల్లీమీటర్లు అని లేదు. ప్రమాదకరంగా ఉండకూడదు అన్నంతవరకే. తేల్చేది రెఫరీ. మైదానంలోకి దిగే ముందు స్టడ్‌లు చూపించమన్నప్పుడు ఆయన వెతికేది పొడవు కంటే అంచుల్ని. అల్యూమినియం స్టడ్ అరిగితే అంచు బ్లేడులా లేస్తుంది. వేలితో రుద్దితే తెలుస్తుంది. చిన్నదైతే ఆకురాయితో నాలుగుసార్లు రాస్తే పోతుంది. పెద్దదైతే పారేయండి, స్టడ్ ఖరీదు ఎంత, ఎదుటివాడి పిక్క ఖరీదు ఎంత.

స్టడ్ అరిగేది మ్యాచ్‌లో కాదు. డ్రెస్సింగ్ రూమ్ నుంచి గ్రౌండ్ దాకా ఉండే సిమెంటు దారిలో, కారు పార్కింగ్‌లో. పాత స్టేడియాల్లో ఆ దారికి రబ్బరు చాప పరచి ఉంటుంది. ఆదివారం లీగుల్లో ఉండదు కాబట్టి గడ్డి దాకా చెప్పులతో వెళ్ళి అక్కడ బూట్లు తొడుక్కోండి.

బిగించే పద్ధతి చిన్నదే, అయినా తప్పులన్నీ ఇక్కడే. గుంటలో మట్టి లేకుండా పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. స్టడ్ మర మీద వాసలీన్ చుక్క రాయాలి; లేకపోతే అల్యూమినియం తడికి పట్టేసి నెల తర్వాత పానా వేసినా కదలదు. మొదటి రెండు చుట్లు తప్పనిసరిగా చేత్తోనే తిప్పాలి. చేత్తో సులువుగా తిరగకపోతే మర వంకరగా పడుతోందన్నమాట. వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. మొదటి నుంచీ పానాతో తిప్పేవాళ్ళు బూటు గుంటలోని మరని చెడగొడతారు. స్టడ్ పోతే ఇంకోటి వస్తుంది, గుంట మర పోతే జత పోయినట్టే. ఆ తర్వాత పానాతో బిగుసుకునేదాకా, అక్కడి నుంచి ఇంకో పిసరు. అంతే. వార్మప్ పదిహేను నిమిషాలయ్యాక మళ్ళీ ఓసారి బిగించాలి, ఎందుకంటే కొత్తగా వేసిన స్టడ్ మొదటి పరుగుల్లోనే కాస్త వదులవుతుంది. మ్యాచ్ మధ్యలో స్టడ్‌లు ఊడిపోయేవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండో బిగింపు మరిచిపోయినవాళ్ళే. ఒక స్టడ్ ఊడితే ఆ గుంటలో బురద గట్టిగా దిగబడుతుంది, హాఫ్‌టైమ్‌లో దాన్ని గుచ్చి తీయడానికి ఒక సన్నటి మేకు కావాలి. సంచిలో పానా, మేకు, పొట్టి స్టడ్‌లు రెండు, పొడుగువి రెండు ఎప్పుడూ ఉండాలి.

ఒక హెచ్చరిక. అన్ని స్టడ్‌ల మరా ఒకటి కాదు. అడిడాస్‌లోనే కొన్ని మోడళ్ళకి వేరే రకం బిగింపు ఉంది. సెట్ కొనేముందు ప్యాకెట్ మీద వరల్డ్ కప్ పేరు ఉందో లేదో చూడండి. దగ్గరగా ఉందని వేరే మర స్టడ్‌ని బలవంతంగా తిప్పితే పైన చెప్పిన కథే.

నేల మెత్తగా లేకపోతే ఈ ఆరు స్టడ్‌లే శత్రువులు. బరువంతా 12 చోట్ల కాకుండా ఆరు చోట్లే పడుతుంది, అందులోనూ పరిగెత్తేటప్పుడు ముందు నాలుగే. స్టడ్ దిగని నేలలో ఆ నాలుగూ అరికాలిలోకి పైకి పొడుస్తాయి. గంట ఆడాక పాదం ముందు ఎముకల కింద మంట మొదలవుతుంది. లోపలి అట్ట పలుచన, దానివల్ల పెద్ద ఆసరా ఉండదు. మందపాటి అట్ట వేద్దామంటే అర సైజు తగ్గించి తీసుకున్న బూటులో చోటుండదు. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఇంగ్లండ్ నేల కూడా గట్టిగానే ఉంటుంది. అప్పటికి కోపానే వాడాలి. మడమ దించి నేలని గట్టిగా తొక్కి చూడండి. గుర్తు పడకపోతే వరల్డ్ కప్ సంచిలోనే ఉండనివ్వండి. మన ఊళ్ళలో జనవరి ఎండకి బిగిసిన గ్రౌండ్ గురించి చెప్పక్కర్లేదు.

గుండ్రటి స్టడ్‌ల మంచి ఒకటుంది. బ్లేడులా పొడుగ్గా ఉండే స్టడ్‌లు నేలని ఒక దిశలో గట్టిగా పట్టుకుంటాయి, పరుగుకి బాగుంటుంది. గుండ్రటిది ఎటు తిరిగినా ఒకేలా కోస్తుంది, పాదం సులువుగా మళ్ళుతుంది. వింగర్ లోపలికి కోసుకొస్తుంటే అతనితో పాటు తిరగాల్సిన ఫుల్ బ్యాక్‌కి ఇది అక్కరకొస్తుంది.

ఇక బురద. ముందు స్టడ్‌లకీ మడమ స్టడ్‌లకీ మధ్య పాదం వంపు కింద ఖాళీ ఉంటుంది కదా, బంకమట్టి నేలలో అది గడ్డితో సహా ముద్దలా పేరుకుంటుంది. నైకీ వాళ్ళు తడిస్తే జారుడుగా మారే అడుగు పలకతో యాంటీ క్లాగ్ అని బూట్లు తెచ్చారు. బురద వదిలించుకోవడంలో వాటి ముందు ఇది తేలిపోతుంది. ఇందుకు గ్రౌండ్‌లో చేసుకునే ఉపాయం: ఆటకి ముందు సోల్ మీద, స్టడ్‌లకి అంటకుండా, వాసలీన్ పలచగా రాయడం. ముప్పై నిమిషాలు పనిచేస్తుంది. హాఫ్‌టైమ్‌లో మళ్ళీ రాయాలి. గోల్‌పోస్టుకి బూటు కొట్టి బురద రాల్చే అలవాటు మాత్రం మానుకోండి, ముందు భాగంలో జిగురు విడిపోవడానికి అది దగ్గరి దారి.

పైభాగం గురించి ఫిర్యాదు దాదాపు లేదు. వేళ్ళ మీది అడ్డ కుట్లు అందానికి కాదు. తోలు సాగిపోకుండా పట్టి ఉంచేవి అవే. వాటి కింద పలచని మెత్త ఉంటుంది. గాల్లో వచ్చే బంతిని పాదం పైభాగంతో బలంగా బయటికి కొట్టేటప్పుడు దెబ్బ కొంత దానికే పోతుంది. ఎదుటివాడి స్టడ్ పడి ఒక కుట్టు తెగితే మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. ఒక దారం తెగితే పక్కవి వదులవుతాయి, ఆ సందులోంచి నీళ్ళు లోపలి మెత్తలోకి పోతాయి, బూటు ఒక్క వానకే బరువెక్కుతుంది. తెగిన కొసని లోపలికి తోసి జిగురు చుక్క వేసి, వీలైనంత త్వరగా కుట్టించండి.

ఊడేది మొదట ఎక్కడంటే, బొటనవేలి కింద సోల్ తోలుని కలిసే చోట. పరిగెత్తేటప్పుడు బూటు ఎక్కువగా వంగేది దాని వెనకే. వేలి గోరు దూరేంత సందు కనిపించిన రోజే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే శుభ్రం చేసి అంటించి చుట్టూ కుట్టేస్తారు, ఇంకో సీజన్ నడుస్తుంది. రెండు వారాలు ఆగితే ఆ సందులో బురద చేరి జిగురు పట్టదు. అతికించి పారేసే రకం ప్లాస్టిక్ బూట్లకి ఈ అవకాశం తక్కువ. మరమ్మతు చేయించుకోగలగడం కూడా మన్నికలో భాగమే, ఆ లెక్కలో దీనికి పూర్తి మార్కులు వేస్తాను.

కడగడం, ఆరబెట్టడం

ఒకప్పుడు ఇంగ్లిష్ క్లబ్బుల్లో సీనియర్ ఆటగాళ్ళ బూట్లు తోమేది అప్రెంటిస్ కుర్రాళ్ళు. ఆ పని వల్ల వాళ్ళకి ఆట వచ్చిందో లేదో కానీ తోలు సంగతి మాత్రం బాగా తెలిసేది. ఇప్పుడు ఎవరి బూటు వారిదే కాబట్టి: మ్యాచ్ అవగానే రెండు బూట్ల అడుగులు ఒకదానికొకటి కొట్టి బురద రాల్చండి. మిగిలింది తడిగుడ్డతో తుడవండి. కుళాయి కింద పెట్టి నానబెట్టొద్దు. తాళ్ళు వదులు చేసి లోపల వార్తాపత్రిక కాగితం ఉండలు చుట్టి కుక్కండి. రెండు గంటల తర్వాత ఆ తడి కాగితం తీసి పొడిది పెట్టండి. చాలామంది ఈ రెండోసారి మరిచిపోతారు, వాసన అక్కడి నుంచే మొదలవుతుంది. గది గాలికి ఒక రోజు పూర్తిగా ఆరాలి.

ఇంగ్లండ్ ఇళ్ళలో గోడకి వేడి రేడియేటర్లుంటాయి. మంగళవారం మ్యాచ్ ఉంది కదా అని దాని మీద పెడితే తోలు అప్పడంలా బిగుసుకుంటుంది, వంగే చోట పగులుతుంది, సోల్ లేస్తుంది. ఈ ఒక్క తప్పు మీద పోయిన జతలు స్టడ్‌లు అరిగి పోయినవాటికంటే ఎక్కువే ఉంటాయి.

ఆరిన తర్వాత తోలుకి రాసే క్రీమో, డబ్బిన్ అనే మైనమో వేలితో పలచగా. మూడు నాలుగు తడి మ్యాచ్‌లకి ఒకసారి చాలు. ఎక్కువ రాస్తే నీళ్ళు ఆగుతాయి నిజమే, కానీ తోలు మరీ మెత్తబడి ఆకారం పోతుంది, అంచుల్లో జిగురు మీద కూడా ప్రభావం పడుతుంది. వంటనూనె వద్దు, ముక్కవాసన కొడుతుంది. నెలకోసారి స్టడ్‌లన్నీ విప్పి, తుడిచి, వాసలీన్ రాసి మళ్ళీ బిగించండి. మే నెలలో సీజన్ అయ్యాక స్టడ్‌లు విప్పి ఉంచితే ఆగస్టులో పానాతో కుస్తీ తప్పుతుంది.

ఏ లీగ్‌లో ఆడుతున్నారో కూడా చూడాలి

పిచ్‌ని బట్టి బూటు మార్చుకోవడం ఆదివారం ఆటగాళ్ళకే కాదు, జీతం తీసుకుని ఆడేవాళ్ళకీ తలనొప్పే. నాలుగో అంచె వరకు, అంటే ఇఎఫ్‌ఎల్ క్లబ్బులకి, కృత్రిమ పిచ్ కుదరదు. 1981లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ మొదలుపెట్టి లూటన్, ఓల్డమ్, ప్రెస్టన్ ప్లాస్టిక్ గడ్డి వేసి చూశాయి. ప్రెస్టన్ 1994లో చివరగా తీసేసింది. కానీ ఒక్క మెట్టు కిందున్న నేషనల్ లీగ్‌లో 3జి పిచ్‌కి, అంటే రబ్బరు గుళికలు పరిచిన కృత్రిమ గడ్డికి, అనుమతి ఉంది. అందుకే పైకి వచ్చిన క్లబ్ ముందుగా తన పిచ్‌నే పీకేసుకోవాలి. హారోగేట్ 2020లో, సటన్ 2021లో, బ్రామ్లీ 2024లో అదే చేశాయి. హారోగేట్ అయితే కొత్త గడ్డి సిద్ధమయ్యేదాకా మొదటి సొంత మ్యాచ్‌లు డాంకాస్టర్‌లో ఆడింది.

డిఫెండర్ వైపు నుంచి చూస్తే దీని అర్థం: లీగ్ టూ నుంచి నేషనల్ లీగ్‌కి దిగినా, కింది నుంచి పైకి ఎక్కినా బూట్ల సంచి మారుతుంది. 3జి మీద లోహపు స్టడ్‌లు కుదరవు. పొడుగు స్టడ్ నల్ల రబ్బరు గుళికల కిందున్న పొరలో చిక్కుకుని కాలు మళ్ళదు, పైగా పిచ్ కోసుకుపోతుంది. అందుకని ఏడాది పొడవునా ఆడేవాడికి మూడు జతలు ఉండాలి: శరత్తుకీ వసంతానికీ ఎఫ్‌జి, చలికాలానికి ఈ ఎస్‌జి, వారం మధ్యలో 3జి మీద ప్రాక్టీసుకి కృత్రిమ గడ్డి కోసం చేసిన పొట్టి స్టడ్‌ల ఎ‌జి. ఒకటే కొనగలిగితే వరల్డ్ కప్ కొనకండి, కోపా కొనండి. వరల్డ్ కప్ ఎప్పటికీ రెండో జతే.

ధర, తోలు మార్పు

ఇంగ్లండ్‌లో ధర నూరు పౌండ్ల పైమాటే. డిస్కౌంట్లు వస్తుంటాయి కానీ మామూలు సైజులు త్వరగా అయిపోతాయి. అంత పెట్టలేనివాళ్ళకి అదే కంపెనీ కైజర్ 5 కప్ ఉంది: ఆరు స్టడ్‌లే, ఆవు తోలు, ధర బాగా తక్కువ. తోలు కాస్త మందం, అలవాటు పడటానికి ఇంకో వారం పడుతుంది. పదిహేను రోజులకోసారి ఆడేవాళ్ళకి కైజరే చాలు, నిజానికి అంతకంటే అక్కర్లేదు.

ఇప్పుడు కొనేవాళ్ళు తెలుసుకోవాల్సిన అసలు విషయం తోలు. ఈ బూటు పేరంతా కంగారూ తోలు మీద వచ్చింది. ఆ తోలులో నారలు ఉపరితలానికి సమాంతరంగా పరచుకుని ఉంటాయి, అందుకే పలచగా చేసినా చిరగదు. అడవి జంతువుల్ని వేటాడి తెచ్చే తోలు కావడంతో అభ్యంతరాలు పెరిగాయి. కాలిఫోర్నియాలో 2016 నుంచి అమ్మకం మళ్ళీ నిషేధంలో ఉంది. 2023లో ప్యూమా, నైకీ ఈ తోలు మానేస్తున్నట్టు చెప్పాయి. అడిడాస్ 2024లో కొనడం ఆపి, 2025 చివరికి తయారీ కూడా ఆపేస్తామంది. అంటే ఇక మీద పెట్టె మీద పేరు అదే ఉన్నా లోపల తోలు అదే అని అనుకోవడానికి లేదు. వివరాల్లో ఏ తోలు అని రాశారో చదివి కొనండి. ఆవు తోలైతే అంతగా సాగదు కాబట్టి అర సైజు తగ్గించే ముందు తొడిగి చూడాలి. సన్నటి స్పర్శ కావాల్సిన మిడ్‌ఫీల్డర్‌కి ఈ మార్పు బాధగా ఉండొచ్చు. బంతిని బయటికి కొట్టడమూ తలతో తీయడమూ ముఖ్యమైనవాడికి తేడా చిన్నదే, గగ్గోలు పెట్టేంత కాదు.

కంగారూ తోలే కావాలని పాత స్టాకు కోసం వెతికేవాళ్ళు జాగ్రత్త. ఇలాంటి సోళ్ళలో వాడే పాలియురితేన్ వాడకుండా పెట్టెలో ఉన్నా గాలిలోని తేమకి ఏళ్ళ తరబడి మెల్లగా చివుకుతుంది. చూడటానికి కొత్తదే, మొదటి మ్యాచ్‌లోనే సోల్ రొట్టెముక్కలా విరుగుతుంది. కాబట్టి పాత జత చేతికి రాగానే తాళ్ళు కట్టకముందే మూడు పనులు చేయండి. బొటనవేలి వెనక బూటుని రెండు చేతులతో పట్టుకుని పూర్తిగా వంచి సన్నటి పగుళ్ళున్నాయేమో చూడండి. గోటితో సోల్‌ని నొక్కండి. జిగటగా తగిలినా పొడి రాలినా వెనక్కి పంపేయండి. ఆఖరున ఆరు గుంటల్లోనూ ఒక్కో స్టడ్ చేత్తో తిప్పి చూడండి. పాత జతల్లో ఒక్క గుంటకి మర పోయి ఉంటే అమ్మేవాళ్ళు ఆ స్టడ్‌ని జిగురుతో అంటించి పెడతారు, చేత్తో తిరగదు.